ఆ చివరి పట్టీ పిల్లనే లాగనివ్వండి

(డిసెంబరు 3, ప్రపంచ దివ్యాంగుల దినోత్సవం నాడు మా మండల భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే సర్కారు కేంద్రం) తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అందులో సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడుకి దెబ్బ తగిలి ఒంటి కదలికలు అదుపులో లేని స్థితి, ఉన్న ఆరేళ్ల పాప తల్లి మాట్లాడారు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది ఇది.)

అందరికీ నమస్కారమండి. మైకు వెనకదాకా వినపడుతోందా? వినపడుతోంది కదా. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కుర్చీల్లో ఇబ్బంది పడకండి, ముందు చాపలు వేశారు, కింద కూర్చోండి. పిల్లలు ఏడ్చినా ఫర్వాలేదు, మధ్యలో లేచి వెళ్లాల్సి వచ్చినా ఫర్వాలేదు. ఇక్కడ ఎవరికీ ఎవరం సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

నన్ను మాట్లాడమన్నప్పుడు "తల్లులకి కాస్త ధైర్యం చెప్పండమ్మా" అన్నారు మేడమ్‌గారు. ఇక్కడికొచ్చిన తల్లులకి ధైర్యం లేకపోవడమేంటండీ? ధైర్యం లేకుండానే పిల్లని చంకనేసుకుని రెండు బస్సులు మారి వచ్చారా? నేను ధైర్యం గురించి చెప్పను, పని గురించి చెబుతాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా మన ఇళ్లల్లో జరిగే పని. ఎత్తడం, దించడం, తినిపించడం, స్నానం చేయించడం, దొడ్డికి కూర్చోబెట్టడం. సభల్లో వీటి గురించి ఎవరూ మాట్లాడరు. మన రోజంతా వీటితోనే కదా గడిచేది?

మా పాపకి ఆరేళ్లు. నెలలు నిండకుండా పుట్టింది. సెరిబ్రల్ పాల్సీలో డైప్లీజియా అంటారు, చేతుల కంటే కాళ్ల మీద ప్రభావం ఎక్కువ. కాళ్లు బిగుసుకుని ఉంటాయి. నిలబెడితే కత్తెర పడతాయి, మడమ ఆనదు, మునివేళ్ల మీద ఉంటుంది. కాళ్లకి ప్లాస్టిక్ స్ప్లింట్లు వేసుకుని వాకర్ పట్టుకుంటే ఇంట్లో నడుస్తుంది. బయట దూరమైతే చక్రాల కుర్చీలో తీసుకెళతాం.

మనలో ఎవరిని కదిపినా ఒకటే మాట వస్తుంది. "పుట్టగానే ఏడవలేదండి" అంటారు ఒకరు. "నెల తక్కువ పిల్లాడండి" అంటారు ఇంకొకరు. "కామెర్లు బాగా పెరిగిపోయాయండి, గాజు పెట్టెలో పెట్టారు" అంటారు. అన్నిట్లోనూ జరిగింది ఒకటే. మెదడు ఎదుగుతున్న వయసులో దానికి దెబ్బ తగిలింది. అది కడుపులో ఉన్నప్పుడు కావచ్చు, కాన్పులో కావచ్చు, పుట్టిన కొద్ది రోజులకి కావచ్చు. గ్రహణం నాడు తల్లి కూరగాయలు తరిగితే రాదు. తల్లి మెట్లెక్కి దిగినందుకు రాదు. ఇది నేను గట్టిగా ఎందుకంటున్నానంటే, ఇక్కడ కనీసం సగం మంది కోడళ్లు ఈ మాట పడ్డవాళ్లే. చేతులెత్తమని అడగను. మీకు తెలుసు.

ఇంకో సంగతి. ఆ దెబ్బ పెరగదు. మెదడులో జరిగింది జరిగినంతే. కానీ పిల్ల పెరుగుతుంది కదా. ఎముక పొడుగవుతుంది, బిగుసుకున్న కండరం అంత తొందరగా సాగదు. ఎముకకీ కండరానికీ ఆ తేడా వచ్చినకొద్దీ మోకాలు వంగిపోతుంది, మడమ లేచిపోతుంది, తుంటి కీలు మెల్లగా గూట్లోంచి పక్కకి జరుగుతుంది. తుంటి జరగడం మొదట్లో నొప్పి ఉండదు, బయటికి కనపడదు. అందుకే డాక్టరుగారు తుంటి ఎక్స్‌రే రాస్తే "పిల్ల బాగానే ఉంది కదా, ఎందుకులే" అనుకోవద్దు. తీయించండి. మళ్లీ ఎప్పుడు తీయించాలో కూడా అడిగి రాసుకోండి.

సరే, పొద్దున్న పనికి వద్దాం. మా ఇంట్లో మొదటి పని స్ప్లింట్లు. ఇదిగో, ఇవే. మీలో చాలామంది పిల్లలకి ఉన్నాయి. ప్లాస్టిక్కుతో కాలి కొలతకి పోత పోసి చేస్తారు, మోకాలి కింద నుంచి పాదం దాకా. వీటిని ఎలా వేస్తున్నారన్నదే ముఖ్యం. పిల్ల మంచం మీద కాళ్లు చాపుకుని పడుకుని ఉండగా తొడిగితే మడమ లోపలికి దిగదు. కాలు చాపితే పిక్క ఇంకా బిగుసుకుంటుంది. అందుకని కూర్చోబెట్టండి. చిన్న పీట మీదో, మంచం పట్టె మీదో కూర్చోబెట్టి మోకాలు బాగా వంచండి. మోకాలు వంగిందా, పిక్క కాస్త వదులవుతుంది. అప్పుడు పాదాన్ని నెమ్మదిగా పైకి తెచ్చి, మడమని అడుగుదాకా నొక్కి, ముందు చీలమండ పట్టీ బిగించండి. ముందు ఆ పట్టీ. పైన పిక్క దగ్గరిది, వేళ్ల దగ్గరిది తర్వాత. లోపల మేజోడు ముడత లేకుండా ఉండాలి. ముడత ఉంటే సాయంత్రానికి అక్కడ పుండు.

విప్పాక కాలు చూడండి. ఎర్రటి గుర్తులు ఉంటాయి, అరగంటలో పోతే ఫర్వాలేదు. అరగంట దాటినా పోలేదా, మడమ మీదో, చీలమండ ఎముక మీదో నిలిచిపోయిందా, స్ప్లింటు సరిచేయించాలి. అంతేగానీ "పిల్ల మారాం చేస్తోంది" అని తిట్టి తొడగొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకి ప్లాస్టిక్కులో చెమట పట్టేస్తుంది. మధ్యాహ్నం ఒకసారి విప్పి, తుడిచి, పొడి మేజోడు వేయండి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది చెబుతాను. మూడు పట్టీలున్నాయి కదా. రెండు నేను బిగిస్తాను. మూడోది, వేళ్ల దగ్గరిది, మా పాప లాగుతుంది. వంగి, ఒక చేత్తో పీట పట్టుకుని, రెండో చేత్తో పట్టీ కొస వెతుక్కుని, కంతలోంచి తీసి, వెనక్కి లాగి అంటిస్తుంది. ఒకసారి వంకరగా పడుతుంది, చర్రున పీకుతుంది, మళ్లీ అంటిస్తుంది. పొయ్యి మీద కూర మాడుతుంటుంది, ఆటో వాడు వీధిలో హారన్ కొడుతుంటాడు. నేనైతే రెండు సెకన్లలో అంటించేయగలను. అయినా ఆగుతాను.

ఎందుకాగాలి? ఆ వంగడంలోనే నడుం పని చేస్తోంది కాబట్టి. ఆ పీట పట్టుకోవడంలో నిలకడ నేర్చుకుంటోంది కాబట్టి. అన్నిటికంటే ముఖ్యం, "ఇవి నా కాళ్లు, వీటికి కావలసింది నేను చూసుకుంటాను" అని పిల్లకి తెలుస్తోంది కాబట్టి. పిల్ల చేయగలిగింది ఎంత కొంచెమైనా సరే, ఆ కొంచెం పిల్లకే వదిలేయండి. నేనివాళ ఏం చెప్పినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను.

ఫిజియో అంటే బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు లాగడం అని మనందరి మనసుల్లో ఉంది. ఆస్ట్రేలియాలో అయోనా నోవాక్ అనే ఆవిడ, తోటి పరిశోధకులతో కలిసి, సెరిబ్రల్ పాల్సీ పిల్లల చికిత్సల మీద ప్రపంచంలో వచ్చిన అధ్యయనాలన్నీ 2013లో ఒకసారి, 2020లో మరోసారి వడగట్టి చూశారు. తేలిందేమిటంటే, ఇంకొకరు కదుపుతుంటే పిల్ల ఊరికే పడుకోవడం వల్ల వచ్చేది తక్కువ. తనకి కావలసిన పనిని తనే, మామూలుగా ఆ పని జరిగే చోటే, మళ్లీ మళ్లీ చేస్తే వచ్చేది ఎక్కువ. స్ప్లింట్లు మానేయమని, ఫిజియో సార్ దగ్గరికి వెళ్లొద్దని కాదండోయ్, నా మాట అలా పట్టుకుపోకండి. సార్ వారానికి ఒకసారి వస్తారు. మిగతా రోజులు ఎవరింట్లో ఉంటాయి? మన ఇంట్లోనే కదా.

అందుకని మా ఇంట్లో గోంగూర ఎవరు తుంచుతారో చెప్పనా? మా పాపే. ఫిజియో సార్ రోజూ నిలబెట్టమన్నారు. ఊరికే గోడకి నిలబెడితే ఏ పిల్లైనా ఎంతసేపు నిలబడుతుంది? "అమ్మా కూర్చుంటా, అమ్మా కూర్చుంటా" అని ఏడుస్తుంది. అదే మోకాళ్లు వంగకుండా చుట్టే గెయిటర్లు కట్టి, బల్ల దగ్గర నిలబెట్టి, గోంగూర కట్ట విప్పి ముందు పోశాననుకోండి. ఎడమ చేత్తో కాడ పట్టుకోవాలి, కుడి చేత్తో ఆకు గిల్లాలి. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి బల్ల పట్టుకోవడం కుదరదు, నడుమే నిలబెట్టాలి. మొదట్లో ఆకు నలిపేసేది, కాడలు కూడా గిన్నెలో పడేవి. ఏం పోయింది, నేను మళ్లీ ఏరుకుంటాను. కట్ట అయ్యేదాకా తను నిలబడ్డట్టు కూడా తనకి గుర్తుండదు. పచ్చడి నూరాక మా ఆయన కలుపుకుని "ఇవాళ గోంగూర ఎవరు తుంచారు?" అంటే దాని మొహం చూడాలి మీరు. చిక్కుడుకాయలు, వెల్లుల్లి, బఠానీలు, బట్టలు మడతపెట్టేటప్పుడు రుమాళ్లు, పూజ దగ్గర పూలు తొడిమలు తీయడం, ఇవన్నీ వ్యాయామాలే. మన ఇళ్లల్లో కొదవ లేదు.

ఇక్కడ కొందరి పిల్లలకి ఇంకా కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. కూర్చోలేరు, చేయి చాపలేరు, మాట రాదు. "మీ పాప గోంగూర తుంచుతుంది, మా వాడు మెడే నిలపడు, వాడేం చేస్తాడమ్మా?" అని ఒక అక్క ఇందాకే అడిగింది. నేను చెబుతాను అక్కా. రెండు చొక్కాలు ఎదురుగా పట్టుకో, ఒకటి ఈ చేత్తో, ఒకటి ఆ చేత్తో. "నీలంది వేసుకుందామా, పసుపుది వేసుకుందామా?" అని అడిగి ఆగు. వాడి కళ్లు ఎటు వెళతాయో చూడు. ఎటు చూస్తే అదే వెయ్యి. ఉప్మాయా ఇడ్లీయా, అదే. నానమ్మ దగ్గర కూర్చుంటావా, అరుగు మీద కూర్చుంటావా, అదే. జవాబు రావడానికి టైము పడుతుంది, మనం తొందరపడి మళ్లీ అడిగితే వాడు మొదటికొస్తాడు. ఒకసారి అడిగి, నోరు మూసుకుని ఆగాలి. వాడి రోజులో వాడి మాట చెల్లాలి. ఎంత కష్టంగా ఉన్న పిల్లాడికైనా ఇది హక్కు.

తిండి గురించి. పెద్దవాళ్లు మనసులో పెట్టుకోవద్దు, ప్రేమతోనే చేస్తారని నాకు తెలుసు. పిల్లని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, జావ పోయడం మన అలవాటు. ఇప్పుడు అందరూ ఒక పని చేయండి. తల పైకెత్తి, పైకప్పు చూస్తూ, ఉమ్ము మింగండి. మింగండి, మింగండి. కష్టంగా ఉంది కదా? ఇప్పుడు తల దించి, గడ్డం కొంచెం లోపలికి పెట్టి మింగండి. తేలిగ్గా వెళ్లింది కదా? అన్నీ సరిగ్గా పనిచేసే గొంతు మనది, మనకే అలా ఉంటే గొంతు కండరాలు అదుపులో లేని పిల్లకి ఎలా ఉంటుంది? తల వెనక్కి వాలిస్తే తిండి ఊపిరితిత్తుల దారిలోకి పోతుంది. తింటూ దగ్గడం, గొంతులో గరగర, మాటిమాటికీ జలుబు చేసి నిమ్ము రావడం, వీటిల్లో చాలావరకు ఇక్కడినుంచే. నిటారుగా కూర్చోబెట్టండి, పాదాలు దేనిమీదో ఒకదాని మీద ఆనాలి, మీరు ఎదురుగా, పిల్ల కళ్లకి సమానంగా కూర్చోండి. నిలబడి పెడితే పిల్ల తల పైకెత్తుతుంది. చెంచా నాలుక మీద పెట్టి, పెదవులు మూసుకునేదాకా ఆగండి. నీళ్లలా పలచగా ఉన్నవి మింగడం అన్నిటికంటే కష్టం, కాస్త చిక్కగా ఉంటే నయం. పప్పన్నం మెత్తగా మెదిపి నెయ్యి వేసి పెట్టొచ్చు. మరీ ఎక్కువ దగ్గుతుంటే మాత్రం నా మాటలతో సరిపెట్టుకోకండి, డాక్టరుకి చూపించండి.

చేయి బాగానే ఆడే పిల్లలైతే చెంచా వాళ్లకివ్వండి. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. అంచున్న పళ్లెం పెడితే అన్నం అంచుకి ఆని చెంచాలోకి వస్తుంది. సగం కింద పోస్తుంది. పోయనివ్వండి, కింద పాత చీర పరవండి. చుట్టాలు చూస్తున్నారని లాక్కోవద్దు.

దొడ్డి సంగతి. సిగ్గుపడకండి, ఇక్కడందరం అదే పని చేసేవాళ్లం. మన గొంతుక్కూర్చునే దొడ్లు ఈ పిల్లలకి కుదరవు. ఇంగ్లీషు కమోడ్ కట్టించుకునే వీలు లేకపోతే, చేతులున్న గట్టి ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని మధ్యలో కంత కోయించండి, అంచులు గీసుకోకుండా నున్నగా రాయించండి, కింద బకెట్టు పెట్టండి. కాళ్ల కింద ఇటుకలో పీటో. కాళ్లు వేలాడుతుంటే ముక్కడానికి బలం రాదు. ఈ పిల్లలకి మలబద్ధకం ఎక్కువ. కదలిక తక్కువ కదా. నీళ్లు తాగించాలి. కానీ మనమేం చేస్తాం? ప్రయాణం ఉందంటే నీళ్లు ఇవ్వం, బడికి పంపేటప్పుడు నీళ్లు ఇవ్వం, పాస్ పోయించడం ఎవరు చూస్తారని. పిల్లలు కూడా కనిపెట్టేస్తారు, బడిలో సీసా ముట్టుకోరు. సాయంత్రం సీసా నిండుగా ఇంటికొస్తే అర్థం చేసుకోండి, బడిలో దొడ్డి సరిగ్గా లేదని.

స్నానం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తడి గచ్చు మీద పిల్లని ఎత్తుకుని నడవద్దు, నూనె రాసిన ఒంటితో అస్సలు వద్దు. కూర్చోబెట్టి చేయించండి. గోరువెచ్చటి నీళ్ల తర్వాత కండరాలు కాస్త వదులుగా ఉంటాయి, కాళ్లు చాపించే వ్యాయామాలు అప్పుడు చేస్తే ఏడుపు తక్కువ.

ఎత్తడం. ఇది నాన్నలు కూడా వినాలి. గుమ్మం దగ్గర నిలబడ్డ అన్నయ్యలూ, లోపలికి రండి, చోటుంది. చంటిపిల్లగా ఉన్నప్పుడు చంకనేసుకున్నాం, బాగానే ఉంది. పిల్ల పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, తల్లి నడుం మాత్రం పెరగదు. ఇక్కడ నడుం నొప్పి లేని తల్లి ఎవరైనా ఉన్నారా? లేరు. నడుం వంచి ఎత్తొద్దు. దగ్గరికి వెళ్లి, మోకాళ్లు వంచి, పిల్లని గుండెకి ఆనించుకుని, కాళ్ల బలంతో లేవండి. ఎత్తే ముందు పిల్లకి చెప్పండి. "ఒకటి, రెండు, మూడు" అనండి, మూడు అన్నాక పిల్ల ముందుకు వంగి పాదాలు నేలకి నొక్కాలి. నొక్కేదాకా ఆగండి. తను పావు బరువు మోసినా మీ నడుం మీద పావు తగ్గింది కదా. చెప్పా పెట్టకుండా వెనకనుంచి ఎత్తితే పిల్ల ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే ఒళ్లంతా బిగుసుకుంటుంది, బిగుసుకున్న పిల్లని ఎత్తడం ఇంకా కష్టం.

అన్నయ్యలూ, రోజూ చేసే ఈ పనుల్లో ఒకటి మీది అని రాసిపెట్టుకోండి. సాయం చేయడం వేరు, పని మీది కావడం వేరు. మా ఆయన రాత్రి పూట పాపకి స్ప్లింట్లు విప్పి, కాళ్లు చూసి, వ్యాయామం చేయించి, పడుకోబెడతాడు. ఆ పని నేను గుర్తు చేయాల్సిన అవసరం లేదు, నేను లేకపోయినా జరుగుతుంది. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు తెలుస్తుంది తల్లికి, దాని విలువ.

కాగితాల గురించి త్వరగా చెబుతాను, కరపత్రం కూడా ఇస్తారట. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం పరీక్షకి స్లాటు గ్రామ సచివాలయంలోనో, మీసేవలోనో బుక్ చేసుకోవాలి. వైకల్యం 40 శాతం, ఆ పైన వస్తే చాలా పథకాలకి అర్హత. యూడీఐడీ, అంటే వైకల్య గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది. ఆంధ్రలో వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకి 6000 అయింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకి నేషనల్ ట్రస్టు అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, ముందుగా వైద్య పరీక్షలేం అడగరు, ఫిజియో ఖర్చులకి కూడా వాడుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు, దయచేసి రాసుకోండి, నిరామయ. స్ప్లింట్లు, వాకర్లు, కుర్చీలు కేంద్రం అడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే సర్కారు సంస్థ అలింకో పెట్టే శిబిరాల్లో, ఆదాయ పరిమితి లోపు ఉన్నవాళ్లకి ఉచితంగా ఇస్తారు. ఇంకా ఏడాది నిండని పిల్లలున్న తల్లులకి ఒక మాట: మెడ నిలపకపోయినా, పిడికిలి విప్పకపోయినా, ఒక చేయే వాడుతున్నా "నిదానంగా వస్తుందిలే" అని కూర్చోవద్దు. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదలలో లోపాల్ని తొందరగా గుర్తించి చూసే కేంద్రం ఉంటుంది, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టినది. అక్కడ డబ్బు తీసుకోరు.

డబ్బంటే గుర్తొచ్చింది. మూలకణాల వైద్యం, స్టెమ్ సెల్ అని లక్షలు అడుగుతున్నారు. మా బంధువుల్లో ఒకరు పొలం అమ్మి చేయించుకొచ్చారు. ఆ బిడ్డ ఇవాళ్టికీ అలాగే ఉంది, పొలం లేదు. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది, కొన్ని రక్త సంబంధ జబ్బులకి తప్ప స్టెమ్ సెల్స్‌ని మామూలు వైద్యంగా అమ్మడానికి వీల్లేదని. సెరిబ్రల్ పాల్సీ ఆ జాబితాలో లేదు. మీ ఆశ మీద వ్యాపారం చేసేవాళ్లని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ఆ డబ్బు ఉంటే ఇంట్లో దొడ్డి బాగు చేయించండి, గుమ్మం దగ్గర మెట్లు తీసి వాలు కట్టించండి, గోడ పొడుగునా పిల్ల ఎత్తుకి ఒక రాడ్డు వేయించండి. అవి రోజూ పనికొస్తాయి.

బడి. అంగన్‌వాడీకి పంపండి. 2023లో కేంద్రం అంగన్‌వాడీల్లో దివ్యాంగ పిల్లల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలే విడుదల చేసింది. "మాకు అలాంటి పిల్లల్ని చూసే ఏర్పాటు లేదమ్మా" అంటే వాళ్లతో అదే చెప్పండి. తర్వాత బడి. మాకు ఇంటి దగ్గరున్న ఒక ప్రైవేటు బడిలో "మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరండీ" అని పంపేశారు. పేరు చెప్పను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా 40 శాతం, ఆ పైన వైకల్యమున్న ప్రతి పిల్లకీ దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. వాళ్లు దయ తలచి ఇచ్చేది కాదు. మేం సర్కారు బడిలో వేశాం.

బడిలో మొదట చూడాల్సింది బెంచీ. కాళ్లు గాల్లో వేలాడుతుంటే ఒళ్లు జారిపోతుంది, జారిపోయే ఒంటిని ఆపుకోవడానికే చేతులు సరిపోతాయి, ఇక రాసేదెలా? "మీ పాప రాయట్లేదండి" అన్నారు టీచరుగారు. మేం కాళ్ల కింద ఒక చెక్కపెట్టె పెట్టాం. అక్షరాలు గీత మీదకొచ్చాయి. ఆవిడే ఆశ్చర్యపోయారు. మంచి టీచరు, ఆ తర్వాత ఆవిడే పాప నోటు రాయడం పూర్తయ్యేదాకా బోర్డు తుడవడం మానేశారు.

పిల్లలు అడుగుతారు, "నీ కాళ్లకేమైంది?" అని. పిల్లలు అడగడం తప్పు కాదు. మనం గబగబా వెళ్లి "అలా అడక్కూడదు నాన్నా" అంటే అదేదో దాచుకోవాల్సిన సంగతి అయిపోతుంది. మా పాపని జవాబు చెప్పనిచ్చాం. "నా కాళ్లు గట్టిగా ఉంటాయి. ఇవేసుకుంటే నడుస్తాను. నువ్వు చూస్తావా?" అంటుంది. పట్టీ విప్పి చూపిస్తుంది. చర్రుమని చప్పుడొస్తే పిల్లలందరికీ సరదా. తొక్కుడుబిళ్లలో మా పాప బిళ్ల వేస్తుంది, పక్కింటి పిల్ల గెంతుతుంది, ఇద్దరూ ఒక జట్టు. బిళ్ల సరిగ్గా గడిలో పడటంలో వీధిలో మా పాప తర్వాతే ఎవరైనా. ఈ పద్ధతి పిల్లలే పెట్టుకున్నారు, మేమెవరం చెప్పలేదు. కాబట్టి అరుగు మీద కూర్చోబెట్టి చూడమనకండి. ఆటలోకి పంపండి. మట్టి అంటుతుంది, మోకాలు కొట్టుకుపోతుంది. ఏ పిల్లకి కొట్టుకుపోలేదండీ మోకాలు?

మా పెద్దాడు తొమ్మిదేళ్ల వాడు. చుట్టాలొచ్చినప్పుడల్లా వాడి తల నిమిరి "రేపు చెల్లిని నువ్వే చూసుకోవాలిరా" అంటారు. తొమ్మిదేళ్ల పిల్లాడి మీద జీవితకాలం బరువు పెట్టేస్తున్నారు. నేను అక్కడే అంటాను, "వాడు అన్నయ్య పిన్నీ, ఆయా కాదు" అని. వాళ్లిద్దరూ రిమోట్ కోసం కొట్టుకుంటారు, వాడు తిడతాడు, అది జుట్టు పీకుతుంది. కొట్టుకోనివ్వండి. ఆదివారం సాయంత్రం వాడికి, నాకు. పాపని వాళ్ల నాన్న చూసుకుంటాడు. చెరువు గట్టు దాకా వెళ్లొస్తాం, మరమరాలు కొనుక్కుంటాం, వాడు బడిలో సంగతులన్నీ అప్పుడే చెబుతాడు. ఇంట్లో ఇంకో పిల్లలున్నవాళ్లు ఇది మరిచిపోవద్దు.

చివరిగా, పెళ్లిళ్లు పేరంటాలు. "ఎప్పుడు నడుస్తుందమ్మా?" అని అడుగుతారు. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఏం మాట్లాడాలో తెలియక అడుగుతారు. "వాకర్ పట్టుకుని నడుస్తుందండి" అంటాను. "మామూలుగా ఎప్పుడు?" అంటారు. "ఇదే దాని మామూలు నడకండి" అంటాను. పిల్ల పక్కనే ఉంటుంది, అన్నీ వింటుంది, మన గొంతు ఎలా ఉందో కూడా వింటుంది. అందుకని ఆ జవాబు చుట్టాల కోసం కాదు, పిల్ల కోసం చెప్పాలి. తీసుకెళ్లడం మాత్రం మానకండి. పెళ్లికి పట్టు లంగా కుట్టించండి, జడ వేసి పూలు పెట్టండి, స్ప్లింట్లు లంగా కింద దాచకండి. "అయ్యో పాపం" అన్న ముసలమ్మే మా పాపతో కాసేపు కూర్చుని, పెళ్లి అయ్యేసరికి పొడుపు కథల్లో ఓడిపోయి, తన పళ్లెంలో లడ్డూ దీనికి ఇచ్చి వెళ్లింది.

ఇంకా చాలా ఉన్నాయి, రాత్రి నిద్ర, ఫిట్సు, ప్రయాణాలు. టైము అయిపోయిందని మేడమ్‌గారు చూస్తున్నారు. ఫిట్సు మందుల గురించి డాక్టరుగారే మధ్యాహ్నం మాట్లాడతారు, ఉండండి. వడ్రంగి చేత కుర్చీ చేయించుకోవాలనుకునేవాళ్లు ఇటు రండి, నా దగ్గర టేపు ఉంది. పిల్లని కూర్చోబెట్టి రెండు కొలతలు తీస్తే చాలు. వీపు నుంచి మోకాలి మడత దాకా, అందులో రెండు వేళ్ల వెడల్పు తగ్గించాలి. మోకాలి మడత నుంచి మడమ దాకా, స్ప్లింట్లు వేసుకునే కొలవాలి. బల్ల ఎత్తు మోచేతికి సరిగ్గా రావాలి. కాగితం తెచ్చుకోనివాళ్లకి నేనే రాసిస్తాను. ముందు దూరం నుంచి వచ్చినవాళ్లు రండి, రెండున్నర బస్సు అందుకోవాలి కదా.